సాన్రెమో పాటల పోటీ అయిదు రాత్రులూ కూర్చుని చూశా, ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, పాటల పోటీ కదా అని టీవీ ముందు కూర్చుంటే మొదటి రాత్రే లేచిపోతారు. నేనదే చేశా. ఇటలీలో తురీనోకి చదువుకి వచ్చిన మొదటి ఏడాది, అంటే 2023 ఫిబ్రవరిలో, క్లాసులో, కాఫీ బార్లో, ట్రామ్‌లో అందరి నోటా ఒకటే మాట, సాన్రెమో సాన్రెమో. ఏంటబ్బా ఈ గోల అని పెట్టి చూస్తే పాటకీ పాటకీ మధ్య కబుర్లు, కబుర్లకీ కబుర్లకీ మధ్య యాడ్లు, అప్పటికి నాకు భాష సగం కూడా రాదు, కాసేపు చూసి దుప్పటి ముసుగేశా. సరిగ్గా ఆ రాత్రే బ్లాంకో అనే కుర్ర సింగర్ చెవిలో సౌండ్ వినపడట్లేదని కోపమొచ్చి స్టేజీ మీద అలంకరించిన పూలన్నీ కాలితో తన్ని పారేశాడంట, పొద్దున్నే క్లాసులో అదే చర్చ, చూడనివాణ్ణి నేనొక్కణ్ణే.

2025లో మాత్రం ఫిబ్రవరి 11 మంగళవారం నుంచి 15 శనివారం దాకా అయిదు రాత్రులూ చూశా. ఇది నా పట్టుదల ఏం కాదు, మా కింద ఫ్లాట్ సిన్యోరా పుణ్యం. ఆవిడకి డెబ్భై దాటాయి, ఒక్కతే ఉంటుంది, నేనూ మా రూమ్మేట్ కరీంనగర్ తమ్ముడూ అప్పుడప్పుడూ ఆవిడ కూరగాయల సంచులు పైకి మోసిపెడుతుంటాం. ఇక్కడ టీవీ ఉన్న ఇంటికి ప్రభుత్వ ఛానల్ రాయ్ కోసం ఏడాదికి 90 యూరోలు కరెంటు బిల్లులోనే కలిపి లాగేస్తారు. సిన్యోరా లెక్క ఏంటంటే, కట్టిన డబ్బులో సగమన్నా ఈ వారంలో రాబట్టుకోవాలి. మంగళవారం సాయంత్రం మెట్ల దగ్గర పట్టుకుని ఎనిమిదిన్నరకల్లా వచ్చేయండి అంది, అడిగినట్టు లేదు, ఆర్డరేసినట్టుంది.

అసలేంటిది అనేవాళ్ళకి కాస్త. 1951లో సాన్రెమో అనే సముద్రం ఒడ్డు ఊళ్ళో, ఫ్రాన్సు సరిహద్దుకి దగ్గర్లో, అక్కడి కసీనోలో మొదలెట్టారు, జనం టేబుళ్ళ దగ్గర కూర్చుని తింటూ వింటుంటే రేడియోలో వచ్చింది. మొదటేడు 20 పాటలు, పాడింది ఇద్దరు సోలో సింగర్లూ ఒక అక్కచెల్లెళ్ళ జంటా, అంతే. నీల్లా పిజ్జీ అనే ఆవిడ గెలిచింది, మరుసటేడు మొదటి మూడు స్థానాలూ ఆవిడవే. టీవీలోకి 1955లో వచ్చింది, 1977 నుంచి ఆరిస్టన్ అనే థియేటర్లో జరుగుతోంది, మధ్యలో 1990 ఒక్కసారి వేరే చోట పెట్టారు. యూరోవిజన్ అని యూరప్ దేశాలన్నీ కొట్టుకునే పాటల పోటీ ఉంది చూడండి, 1956లో దాన్ని మొదలెట్టినవాళ్ళు దీన్ని చూసే మొదలెట్టారు.

మన పాడుతా తీయగా లాంటిదే కదా అని మా తమ్ముడు అడిగాడు. కాదు, అక్కడే తేడా. మన దగ్గర ఉన్న పాటని ఎవరు బాగా పాడారు అని చూస్తాం, బాలుగారు శ్రుతి ఎక్కడ జారిందో సంగతి ఎక్కడ తప్పిందో చెప్తుంటే అదొక పాఠంలా ఉండేది. ఇక్కడ పోటీ పాటకి. అంతకుముందు ఎక్కడా రిలీజ్ కాని పాట తేవాలి, జడ్జి సీట్లో కూర్చుని వివరించే పెద్దమనిషి ఎవరూ ఉండరు. పాడేవాళ్ళు కూడా కొత్త పిల్లలు కాదు, స్టేడియాలు నింపే స్టార్లు, వాళ్ళొచ్చి చేతులు వణుకుతూ నిలబడతారు. 1995లో ఇదే పోటీ గెలిచిన జోర్జా 2025లో మళ్ళీ వచ్చి పోటీలో నిలబడింది. ఊహించుకోండి, ముప్పై ఏళ్ళ తర్వాత.

మొదటి రాత్రి 29 మందీ పాడారు. ఇరవై తొమ్మిది! ఒక పాట, చప్పట్లు, పూలగుత్తి, ఇంకో పాట, చప్పట్లు, పూలగుత్తి. సాన్రెమో పూల తోటలకి పేరున్న ఊరు, అందుకని పాడినవాళ్ళందరికీ పూలివ్వడం ఆచారం, ఒక గంటకి నాకు పెళ్ళి రిసెప్షన్ క్యూలో నిలబడ్డట్టు అనిపించింది. మా తమ్ముడైతే సోఫాలో జారిపోయి, "ఏందన్నా ఇది, పాటల పోటీ అంటివి, గంట సంది మెట్లు దిగుడే సూస్తున్నం" అన్నాడు. ఆ మెట్ల కథొకటి. స్టేజీ వెనకాల పెద్ద మెట్ల వరస ఉంటుంది, హీల్స్ వేసుకుని గౌను పట్టుకుని పడకుండా దిగడం ఇక్కడ జాతీయ సమస్య, దిగుతున్నంతసేపూ సిన్యోరా ఊపిరి బిగబట్టి, దిగాక "హమ్మయ్య" లాంటి శబ్దం చేసేది.

ఆవిడ బుజీయే పళ్ళెం పెట్టింది. కార్నివాల్ రోజుల్లో తురీనోలో చేసుకునే పిండివంట, మడత కాజాని పల్చగా వత్తి వేయించి, పాకంలో వెయ్యకుండా పైన పంచదార పొడి చల్లితే ఎలా ఉంటుందో అలా, కొరికితే ఒళ్ళంతా తెల్లపొడి. బుజీయే అంటే అబద్ధాలు అని అర్థం అంట. నేను అమ్మ పంపిన చెక్కల డబ్బా తీసుకెళ్ళా, సిన్యోరా ఒకటి కొరికి కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా రెండోది తీసుకుంది.

ఇక షో మీద నా మొదటి ఫిర్యాదు నిడివి. రాత్రి తొమ్మిదిలోపు మొదలై ఒంటిగంట దాటేదాకా సాగుతుంది, జీడిపాకం కూడా ఇంత సాగదు. పైగా ఇది నయమంట! 2020 నుంచి 2024 దాకా అమదెయుస్ అనే ఆయన వరసగా అయిదేళ్ళు నడిపినప్పుడు రెండు కూడా దాటేదంట, 2025లో వచ్చిన కార్లో కోంతి స్పీడెక్కించాడని ఇక్కడివాళ్ళు మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోవాల్సిందే గానీ, స్పీడు పెంచింది పాటల మధ్య గాలి తీసేసి, యాడ్లు తీసి కాదు. ఒక పాట అయ్యి ఇంకా మనసులో ఆడుతుండగానే ఆయన నవ్వుతూ వచ్చి థాంక్యూ చెప్పి పంపించేస్తాడు, బస్టాండులో మైకు అనౌన్స్‌మెంట్ లాగా. రోజుకో జట్టు కో-హోస్టులు వస్తారు, సగం మంది ఎందుకొచ్చారో నాకైతే అర్థం కాలేదు, అయితే బుధవారం బియాంకా బాల్తీ అనే మోడల్ క్యాన్సర్ ట్రీట్‌మెంట్‌లో ఉండి, విగ్గు పెట్టుకోకుండా జుట్టులేని తలతోనే ఆ మెట్లు దిగి వచ్చి, జాలి అడక్కుండా జోకులేసి వెళ్ళింది, అది మాత్రం మర్చిపోలేను.

రెండో విషయం, ఆర్కెస్ట్రా. దీనికి ఫుల్ మార్కులు. ట్రాక్ వేసి పెదాలు ఆడించే వ్యవహారం కాదు, ముందు గోతిలో పెద్ద ఆర్కెస్ట్రా, వయొలిన్లు చెల్లోలు ట్రంపెట్లు, ప్రతి పాటకీ ఒక కండక్టర్, పాట ముందు ఆ కండక్టర్ పేరు కూడా చెప్తారు. బెప్పె వెస్సిక్యో అని గడ్డం ఆయన ఒకరు ఏళ్ళ తరబడి ఇక్కడ కండక్ట్ చేసి, ఆయన పేరు అనౌన్స్ చేస్తే సింగర్ కన్నా ఎక్కువ చప్పట్లు పడేవంట. మన ప్రోగ్రాముల్లో కీబోర్డు వాయించేవాళ్ళ పేర్లు చివర్లో పరిగెత్తే అక్షరాల్లో కూడా ఒక్కోసారి కనపడవు. ర్యాపర్ల పాటలకి సైతం వెనక వయొలిన్లు పెట్టాల్సిందే, కొన్నింటికి అది బిర్యానీలో పెరుగన్నం కలిపినట్టు ఉంది, అయినా లైవ్ లైవే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈ పోటీలో కిటుకు ఏంటంటే ఒకే పాటని మీకు మూడుసార్లు వినిపిస్తారు. మంగళవారం అందరూ, బుధ గురువారాల్లో చెరి సగం మంది, శుక్రవారం మాత్రం వేరేవాళ్ళ పాత పాటలు జంటలుగా, శనివారం ఫైనల్లో మళ్ళీ 29 మందీ. మూడోసారికి పాట మారదు, వినేవాడు మారతాడు. ఒక్క రాత్రి చూసి బాలేదు అనేసేవాళ్ళకి ఇది తెలీదు, నాకూ 2023లో తెలీలేదు.

లూచో కోర్సీ సంగతి చెప్తా. మంగళవారం వచ్చాడు, మొహానికి తెల్లరంగు, పొడుగు జుట్టు, సన్నగా వెదురుకర్రలా ఉన్నాడు, భుజాలు మాత్రం ఇంతింత ఎత్తుగా, లోపల చిప్స్ ప్యాకెట్లు కుక్కుకుని వచ్చాడంట, నిజంగానే చిప్స్ ప్యాకెట్లు. పియానో ముందు కూర్చుని పాడి మధ్యలో లేచి గిటార్ పట్టుకున్నాడు. నేను పెదవి విరిచా. పగటివేషగాడు అన్నా. తమ్ముడు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. సిన్యోరా మాత్రం "ఆగు" అంది. పాట పేరు వోలెవో ఎస్సెరె ఉన్ దూరో, అంటే గట్టోణ్ణి అవుదామనుకున్నా అని. రెండోసారి విన్నప్పుడు మాటలు పట్టుకున్నా. రౌడీ లాగా, మొనగాడి లాగా ఉండాలనుకుని చివరికి తను తనే అయి మిగిలిపోయిన కుర్రాడి పాట అది, ఏడుపు లేదు, గొప్పలు లేవు. శుక్రవారం పాత పాటల రాత్రి అందరూ పెద్ద పెద్ద సింగర్లని జతకి తెచ్చుకుంటే ఈయన తోపో జీజో అనే ఎలుక బొమ్మని తెచ్చుకున్నాడు! ఇక్కడ తాతల కాలం నుంచీ పిల్లల టీవీలో ఉన్న బొమ్మ. ఆ ఎలుకతో కలిసి నెల్ బ్లూ దిపింతో ది బ్లూ పాడాడు. అదేంటో అనుకోకండి, వొలారే అని ప్రపంచమంతా కూనిరాగం తీసే పాట, 1958లో దొమెనికో మొదుఞ్ఞో చేతులు రెండూ చాపి ఈ పోటీలోనే పాడి గెలిచాడు, తర్వాత మొట్టమొదటి గ్రామీ అవార్డుల్లో ఏడాది పాట, ఏడాది రికార్డు రెండూ దానికే. అంత బరువున్న పాటని ఎలుక బొమ్మతో పాడితే వెటకారం అవుతుందేమో అనుకున్నా, సిన్యోరా చేతిలో టిష్యూ చూసి నోరు మూసుకున్నా.

సిమోనె క్రిస్టిక్కి పాట ఇంకో రకం. క్వాందో సరాయ్ పిక్కొలా, నువ్వు చిన్నపిల్లవి అయినప్పుడు అని. ముసలితనంలో అన్నీ మర్చిపోతున్న అమ్మకి కొడుకు చెప్పే మాటలు, నువ్వు నాకు నేర్పినవన్నీ నేను నీకు నేర్పుతా అన్నట్టుగా. భాష రాకపోయినా అర్థమయ్యే పాటలు కొన్ని ఉంటాయి, ఇది అలాంటిది కాదు, మాటలు తెలిస్తేనే దెబ్బ తగులుతుంది. నేను తమ్ముడికి లైను లైనుకీ తెలుగులో చెప్తూ పోయా, సగంలో వాడు "ఇగ సాలన్నా" అని బాల్కనీలోకి పోయి ఇంటికి ఫోన్ చేసుకున్నాడు. ఇక్కడ పేపర్లలో దీని మీద కొట్లాట కూడా నడిచింది, ఏడిపించి ఓట్లు దండుకుంటున్నాడని కొందరు. నాకు మాత్రం ఆ అనుమానం రాలేదు.

అన్నట్టు మన తెలుగుని తూర్పు దేశపు ఇటాలియన్ అంటారు కదా, మాటలన్నీ అచ్చులతో ఆగుతాయని. ఊరికే గొప్పకి చెప్పుకుంటాం గానీ ఆ లాభం ఏంటో ఇక్కడ కళ్ళారా చూశా. జోర్జా తన పాట పైకి తీసుకెళ్ళి మాట చివర అచ్చు మీద నిలబడి అలా సాగదీస్తుంటే నోరు మూసుకోవాల్సిన అవసరమే రావట్లేదు, మన పాటల్లో ఆకారం పట్టి లాగినట్టు.

ఓటింగ్ దగ్గర నాకు మండింది. 34 శాతం జనం ఓటు, 33 శాతం ప్రెస్ వాళ్ళది, 33 శాతం రేడియో జ్యూరీది. జనానికి మూడో వంతు చెయ్యే. 2024లో జోలియర్ అనే నాపొలీ కుర్రాడు వాళ్ళ యాసలో పాడి, ఆఖరి రౌండులో జనం ఓట్లలో 60 శాతం తెచ్చుకుని కూడా రెండో స్థానంలో ఆగిపోయాడు, మిగతా రెండు జ్యూరీలూ ఆంజెలీనా మాంగో వైపు మొగ్గాయి. అన్యాయం అనిపిస్తుంది. కానీ మన దగ్గర ఎస్సెమ్మెస్ ఓటింగ్ షోల్లో ఊరోళ్ళంతా కలిసి మా జిల్లా పిల్లోడు అని రీచార్జులు చేయించి గెలిపించిన ముచ్చట్లు కూడా విన్నాం కదా, అందుకని పూర్తిగా జనం చేతిలో పెట్టమని కూడా గట్టిగా అనలేను. ఓటుకి దాదాపు అర యూరో. నేను శనివారం రాత్రి కోర్సీకి పంపితే బ్యాలెన్స్ చాలదని మెసేజ్ వచ్చింది, ఆ సిమ్ కంపెనీ పేరెందుకు గానీ రీచార్జ్ యాప్ ఓపెన్ అయ్యేలోపు ఓటింగ్ క్లోజ్.

వీటన్నిటి పక్కన ఫాంతాసాన్రెమో అని ఒక ఆట నడుస్తుంటుంది, ఐపీఎల్ ఫ్యాంటసీ టీమ్ పెట్టుకున్నట్టే. 2020లో ఓ చిన్న ఊరి బార్లో ఫ్రెండ్స్ సరదాగా మొదలెట్టింది ఇప్పుడు దేశమంతా ఆడుతున్నారు. చేతికి 100 బౌదీలు ఇస్తారు, పదమూడుసార్లు ఈ షో నడిపిన పిప్పో బౌదో పేరు మీద పెట్టిన ఉత్తుత్తి డబ్బు, దాంతో సింగర్లని కొనుక్కోవాలి. స్టేజీ మీద వాళ్ళు చేసే పిచ్చి పనులకి పాయింట్లు. అందుకని సీరియస్ ప్రేమపాట పాడి కన్నీళ్ళు తుడుచుకున్న మనిషి మరుక్షణం ఎవరికో పూలగుత్తి ఇచ్చి వింత సైగ చేసి పోతాడు, ఎందుకో తెలీని సిన్యోరా "వీడికేమైంది" అంటుంది, సోఫాలో తమ్ముడు ఎగిరి గంతేస్తాడు. నిజం చెప్పాలంటే మా తమ్ముణ్ణి అయిదు రాత్రులు కూర్చోబెట్టింది సంగీతం కాదు, ఇదే.

ఫైనల్. మూడోసారి 29 పాటలు, ఈసారి నాకు సగం పాటల పల్లవులు వచ్చేశాయి, బాలేవని తిట్టినవి కూడా. అర్ధరాత్రి దాటాక మొదటి అయిదుగురి పేర్లు చదవబోతూ జోర్జా ఆరో స్థానం అనేసరికి ఆరిస్టన్ హాలంతా కేకలు, ఈలలు, ఆగరే! కోంతి పాపం నవ్వు అతికించుకుని నిలబడ్డాడు. మా గదిలో సిన్యోరా టీవీకి చెయ్యి చూపించి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, కొన్ని నాకూ కొత్తవే. చివరికి జెనోవా కుర్రాడు ఓల్లీ బాలోర్దా నొస్తాల్జియా అనే పాటతో గెలిచాడు, కోర్సీ వెంట్రుకవాసిలో రెండో స్థానం, బ్రూనోరి సాస్ మూడు, ఫేదెజ్ నాలుగు, క్రిస్టిక్కి అయిదు. ఓల్లీ పాట బాగానే ఉంది, బస్సులో పాడుకోవచ్చు, కానీ గెలిచే పాటా అంటే నేను ఒప్పుకోను. ట్విస్టేంటంటే, ఇక్కడ గెలిచినవాళ్ళకి ఇటలీ తరఫున యూరోవిజన్‌కి పోయే చోటు ఇస్తారు, ఓల్లీ పోనన్నాడు, ఆ చోటు కోర్సీకి దక్కింది, మేలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి వెళ్ళి అయిదో స్థానం తెచ్చుకున్నాడు. అక్కడ వాయిద్యాలు లైవ్‌గా వాయించడానికి వీల్లేదు, ఈయన పాడే మైకులోనే మౌతార్గాన్ వాయించేశాడు.

తర్వాత జూన్‌లో ఒక ఆదివారం సాన్రెమో వెళ్ళొచ్చా, చూడాలనిపించి. రైల్వే స్టేషన్ కొండ లోపల ఉంది, ప్లాట్‌ఫామ్ నుంచి బయటికి రావడానికి సొరంగంలో నడుస్తూనే ఉండాలి, దిగిన ఊరు ఉందా లేదా అని డౌటొస్తుంది. ఆరిస్టన్ చూసి మాత్రం ఉసూరుమన్నా. షాపుల వీధిలో మామూలు సినిమా హాలు, టీవీలో రాజమహల్ లాగా కనపడింది ఇదేనా అని రెండుసార్లు బోర్డు చదివా, మనూళ్ళో సింగిల్ స్క్రీన్ థియేటర్ ముందు ఉన్నంత ఖాళీ స్థలం కూడా లేదు. పక్క వీధిలో మైక్ బోంజోర్నో కంచు విగ్రహం ఉంది, పదకొండుసార్లు ఈ షో నడిపిన యాంకర్, నవ్వుతూ నడిచొస్తున్నట్టు. దాని పక్కన ఫొటో దిగి సిన్యోరాకి పంపిస్తే గుండె గుర్తులు పదో పన్నెండో వచ్చాయి.

రేటింగ్ అంటే, ఒక్కరే ఫోన్లో రాయ్‌ప్లేలో చూస్తే అయిదుకి రెండు, అంతకన్నా ఇవ్వను, పాటలన్నీ మంగళవారం రాత్రికే ఆన్‌లైన్‌లో వచ్చేస్తాయి, బట్టలుతుక్కుంటూ వినొచ్చు. పక్కన తిట్టేవాళ్ళూ ఏడ్చేవాళ్ళూ పాయింట్లు లెక్కపెట్టేవాళ్ళూ ఉంటే నాలుగు. ఇటలీలో చదువుకునే మన పిల్లలకైతే నాలుగున్నర, ఆ వారం కాఫీ బార్లో మాట కలపడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు, నా ఇటాలియన్ ఆ అయిదు రాత్రుల్లో బాగుపడినంత క్లాసులో ఎప్పుడూ బాగుపడలేదు, తిట్లతో సహా.

ఆదివారం మధ్యాహ్నం మంచి నిద్రలో ఉండగా తలుపు చప్పుడు. సిన్యోరా. దొమెనికా ఇన్ అని మధ్యాహ్నం షో, అదే ఆరిస్టన్ నుంచి, అదే సింగర్లు అవే పాటలు నాలుగోసారి పాడతారంట, రండి అంది. తమ్ముడు దుప్పటి లోపల్నుంచే "అన్నా, నేను లేనని చెప్పు" అన్నాడు. నేను చెప్పులేసుకుని మిగిలిన చెక్కల డబ్బా పట్టుకుని కిందికి దిగా.